ట్రినిడాడ్ సాంస్కృతిక చరిత్రపై గంట డాక్యుమెంటరీ: ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్లాన్ చదివాను. కార్నివాల్ అనే వీధి వేషాల పండుగ సమయంలో మూడు వారాలు కరీబియన్ ద్వీపం ట్రినిడాడ్‌లో ఉంటారు. మీరు, మీ మిత్రుడు, ఒక కెమెరా. కొలంబస్ రాక నుంచి నేటి కార్నివాల్ వరకు ఆ ద్వీపం సాంస్కృతిక చరిత్ర మొత్తాన్ని గంటలో చెప్పాలనుకుంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ పరికరాలు తీసుకెళ్లాలి, మన తెలుగువారి ఆనవాళ్లు దొరుకుతాయా, డ్రోన్ పనికొస్తుందా అని అడిగారు. సౌండ్ రికార్డిస్టుగా మొదలై తర్వాత డైరెక్షన్‌లోకి వచ్చినవాణ్ని. అక్కడ కొన్ని సీజన్లు పనిచేశాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. అక్కడక్కడా మాట కటువుగా ఉంటే మన్నించండి.

ముందు 1498ని వదిలేయండి. మ్యాపు మీద కదిలే ఓడ, వెనక గంభీరమైన గొంతు, "కొలంబస్ ఈ ద్వీపాన్ని చూశాడు" అనే వ్యాఖ్యానం: ఇలా మొదలయ్యే సినిమాలు కావలసినన్ని ఉన్నాయి. అయిదో నిమిషానికి ప్రేక్షకుడు ఫోను తీస్తాడు. పైగా లెక్క వేసి చూడండి. అయిదు వందల పైచిలుకు ఏళ్లను గంటలో సర్దితే ఏడాదికి ఏడు సెకన్లు కూడా రావు. ఆ చరిత్రనంతా మోయగలిగే వస్తువు ఒకటి పట్టుకోండి. ట్రినిడాడ్‌లో అది వెతుక్కోవలసిన పని లేదు, స్టీల్ పాన్ ఉంది. ఇనుప పీపా అడుగుభాగాన్ని సుత్తితో లోతుగా సాగదీసి స్వరాలు పలికించే వాద్యం. 1992లో ప్రభుత్వం దాన్ని జాతీయ వాద్యంగా ప్రకటించింది. అంతకు అయిదు దశాబ్దాల ముందు, పాన్ వాయించే కుర్రాణ్ని ఇంట్లోవాళ్లు గుమ్మం తొక్కనిచ్చేవారు కాదు. ఈ రెండింటి మధ్య జరిగింది చెప్పగలిగితే మీ సినిమా అయినట్టే.

దానికి వెనక్కి వెళ్లాలి గానీ మరీ దూరం అక్కర్లేదు. 1783లో స్పెయిన్ రాజు ఇచ్చిన అనుమతితో ఫ్రెంచి తోటల యజమానులు తమ బానిసలతో సహా ట్రినిడాడ్‌కు తరలివచ్చారు. 1797లో బ్రిటిష్ వాళ్లు ద్వీపాన్ని స్వాధీనం చేసుకున్నారు. కాబట్టి పాలన ఇంగ్లిషుది, పండుగ ఫ్రెంచి క్యాథలిక్కులది, శ్రమ ఆఫ్రికన్లది. 1834లో బానిసత్వం రద్దయి, 1838 నాటికి పూర్తి స్వేచ్ఛ వచ్చాక, అంతవరకు దొరల ఇళ్లలో ముసుగు నాట్యాలుగా సాగిన కార్నివాల్‌ను విముక్తులైనవాళ్లు వీధిలోకి తెచ్చారు. అందులో ప్రాణం లాంటిది కాంబులే. చెరకు తోటకు నిప్పంటుకున్నప్పుడు బానిసలను కొరడాలతో అదిలించి మంటలార్పడానికి తోలుకెళ్లేవారు. ఆ బాధనే కాగడాలు, డప్పులు, కర్రసాముతో అర్ధరాత్రి ఊరేగింపుగా మార్చుకున్నారు. 1881లో రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో పోలీసు అధికారి కెప్టెన్ బేకర్ దాన్ని ఆపబోతే జనం కర్రలతో, రాళ్లతో, సీసాలతో ఎదురుతిరిగారు. 1884లో ప్రభుత్వం చట్టం తెచ్చింది. కాగడాల ఊరేగింపులు, కర్రలు పట్టిన గుంపులతో పాటు డప్పుల మోత మీదా వేటు పడింది.

డప్పు పోయింది, వెదురు వచ్చింది. లావుపాటి వెదురు బొంగును నేలకేసి కొడితే మంద్రంగా మోగుతుంది. సన్నపు ముక్కను భుజాన పెట్టుకుని కర్రతో కొడితే ఎగువ స్థాయిలో తాళం వేస్తుంది. పొట్టి ముక్కలు రెంటిని ఒకదానికొకటి తాటిస్తే మధ్య శ్రుతి. ఆ బృందాలను తంబూ బాంబూ అంటారు. 1930ల్లో వాటిలోకి బిస్కెట్ డబ్బాలు, చెత్త డబ్బాలు, బండి చక్రాల ఇనుప భాగాలు చేరాయి. వెదురు పగిలిపోతుంది, ఇనుము పగలదు. రెండో ప్రపంచ యుద్ధంలో 1942 నుంచి కార్నివాల్ ఆపేశారు. 1945 మే నెలలో ఐరోపాలో యుద్ధం ముగిసిందని జనం వీధుల్లోకి వచ్చేసరికి కొందరి చేతుల్లో డబ్బాలు పాటలు పలుకుతున్నాయి. చమురు పరిశ్రమ, అమెరికా సైనిక స్థావరం పుణ్యమా అని ఆ తర్వాత 55 గ్యాలన్ల పీపాలు అందుబాటులోకి వచ్చాయి. ఈనాటి పాన్ ఆ పీపాలోంచే వచ్చింది.

ఇక్కడ ఒక హెచ్చరిక. "డప్పును నిషేధించారు కాబట్టి పాన్ పుట్టింది" అనే వాక్యం మీ స్క్రిప్టులో కనిపిస్తే కొట్టేయండి. 1884కూ 1945కూ మధ్య అరవై ఏళ్లు ఉన్నాయి. చమురు బావుల్లో పనికోసం వచ్చిన జనం, కొండవాలు పేటల్లో నిరుద్యోగం, 1937లో ఫైజాబాద్‌లో యురయా బట్లర్ నాయకత్వాన మొదలై ద్వీపమంతా పాకిన సమ్మె, ఇవన్నీ ఆ అరవై ఏళ్లలోనివే. ఎడిటింగ్ టేబుల్ మీద రెండు షాట్లు పక్కపక్కన పెట్టినంత మాత్రాన ఒకటి ఇంకొకదానికి కారణం అయిపోదు. నిషేధాలను దారంగా వాడుకోండి, నినాదంగా మాత్రం వద్దు. అలాంటి నిషేధాలు ఇంకా ఉన్నాయి. షౌటర్ బాప్టిస్టులు అనే క్రైస్తవ శాఖ ఆరాధనను 1917 నుంచి 1951 వరకు చట్టవిరుద్ధం చేశారు. చేతిగంట మోగించడం, గట్టిగా కేకలు వేస్తూ ప్రార్థించడం కూడా నేరమే. ఇప్పుడు వాళ్ల విముక్తి దినం మార్చి 30 జాతీయ సెలవు. ఆ ద్వీపంలో ఏ శబ్దాన్ని చట్టం తరిమిందో చూడండి, చాలాసార్లు అదే తర్వాత సెలవు దినంగానో జాతీయ చిహ్నంగానో తిరిగొచ్చింది.

ఇక షూటింగ్ సంగతి. కార్నివాల్ సోమ, మంగళవారాల ఊరేగింపు రంగులు అందరూ తీస్తారు, మీరూ ఓ పూట తీసుకోండి. కానీ మీ సినిమాకు ఇల్లు పాన్ యార్డ్, అంటే పాన్ బృందం సాధన చేసే ఆవరణ. క్రిస్మస్ తర్వాత నుంచే ప్రతి రాత్రీ అక్కడ సాధన నడుస్తుంది. పాన్ బృందాల పనోరమా పోటీలో, అది 1963లో మొదలైంది, పెద్ద బృందానికి వందకు పైగా వాద్యకారులు ఉంటారు. వాళ్లలో ఎక్కువమందికి స్వరాలు కాగితం మీద ఉండవు. పాటను బృందానికి కూర్చే అరేంజర్ ఒక్కో వరుస దగ్గరికి వెళ్లి నాలుగు దెబ్బలు వాయించి చూపిస్తాడు, వాళ్లు విని పట్టుకుంటారు, అతను ఇంకో వరుసకు వెళ్తాడు. పగలు బ్యాంకులో పనిచేసే ఆవిడ, స్కూలు పిల్ల, రిటైరైన డ్రైవరు పక్కపక్కన నిలబడి ఒకే సంగీత పదబంధాన్ని గంటసేపు అరగదీస్తారు. మొదటి వారమంతా కెమెరా సంచిలోనే ఉంచి వెళ్లి కూర్చోండి. మూడో రోజుకు ఎవరో ఒకరు ఇనుప ముక్క చేతికిచ్చి తాళం వేయమంటారు. అప్పుడు వేయండి, సిగ్గుపడకండి.

రెండో చోటు పాన్లు తయారుచేసి శ్రుతి చేసే ట్యూనర్ షెడ్డు. ముందుగా అనుమతి అడిగి ఒక పాన్ తయారీ మొదటి దెబ్బ నుంచి చివరి దాకా తీయండి. పీపాను తలకిందులు చేసి నిలబెడతారు. పొట్టి పిడి ఉన్న పెద్ద సుత్తితో అంచు నుంచి మధ్యకు చుట్టుచుట్టుగా కొడుతూ అడుగురేకును లోపలికి దింపుతారు. ఎగువ స్వరాలు పలికే టెనర్ పాన్‌కైతే జానెడు దాకా దిగుతుంది. రేకు సాగిన కొద్దీ పలచబడుతుంది. తొందరపడితే చిరుగుతుంది, అంతవరకు పడ్డ శ్రమంతా చెత్తకుప్పలోకి. తర్వాత స్వరాల గళ్లు సుద్దతో గీసి, మొద్దు ఉలితో వాటి సరిహద్దులు చెక్కుతారు. పక్కగోడను కోస్తారు. టెనర్‌కు పొట్టిగా కోస్తారు, బేస్‌కు నిలువునా వదిలేస్తారు. అప్పుడు మంట మీద కాలుస్తారు. రేకు నీలిరంగుకు తిరిగే క్షణం ఒకటి ఉంది, అది తప్పిపోకూడదు, ఆ రోజు కెమెరాలో కార్డు ఖాళీగా ఉండేలా చూసుకోండి. చల్లారాక అసలు పని మొదలు. చిన్న సుత్తితో పైనుంచి ఒక తట్టు, కిందినుంచి ఒక తట్టు. ఒకే గడిలో మూల స్వరాన్ని, దాని పై స్థాయిని కూడా శ్రుతి చేయాలి. ఒకటి సరిచేస్తే రెండోది పక్కకు జరుగుతుంది. పక్క గడి కూడా కదులుతుంది. చాలామంది ఇప్పుడు ఎలక్ట్రానిక్ ట్యూనర్ పెట్టుకుంటారు గానీ చివరికి తల వంచి చెవి దగ్గర పెట్టి వింటారు. ఆ తల వంచడం దగ్గరగా తీయండి. వ్యాఖ్యానం వద్దు, సంగీతం అస్సలు వద్దు.

పరికరాల్లో మొదటి మాట కరెంటు గురించి. మన దగ్గర 50 హెర్ట్జ్, అక్కడ 60. పాన్ యార్డులు రాత్రిపూట ట్యూబులైట్లు, ఫ్లడ్ లైట్ల కింద నడుస్తాయి. ఇక్కడి అలవాటు ప్రకారం 25 ఫ్రేములు, 1/50 షట్టర్ పెట్టారంటే చిత్రమంతా మినుకుమినుకుమంటుంది, చిన్న స్క్రీను మీద అది కనబడదు, ఇంటికొచ్చాక కనబడుతుంది. షట్టర్ 1/60కి మార్చండి. ప్లగ్గులు అమెరికా తరహావి, అడాప్టర్లు తీసుకెళ్లండి. క్రోమ్ పూసిన పాన్లు అద్దాల్లా మెరుస్తాయి కాబట్టి ఎక్స్‌పోజర్ ముఖాల మీద పెట్టుకోండి, పాన్ల మెరుపు తెల్లబారినా ఫర్వాలేదు.

శబ్దానికి కెమెరా కన్నా ఎక్కువ ఖర్చు పెట్టండి. పాన్‌కు మైకు దగ్గరగా పెడితే రబ్బరు చుట్టిన కర్ర రేకును తాకిన టకటక తప్ప స్వరం రాదు. స్వరం గాలిలో కాస్త దూరం వెళ్లి విచ్చుకుంటుంది. బృందం ముందు కొన్ని మీటర్ల దూరంలో తల కన్నా ఎత్తున రెండు మైకుల జత పెట్టండి, దాన్ని ఇక కదపకండి. ఇంజిన్ రూమ్ అంటే తాళం వేసే బ్రేక్ డ్రమ్ములు, కాంగాలు, స్క్రాచర్ల వరుస, దానికి విడిగా ఒకటి. ధ్వని స్థాయిని దానంతటదే పెంచి తగ్గించే ఆటోమేటిక్ గెయిన్ ఆపేయండి. ధ్వని హఠాత్తుగా పెరిగినా చెడనివ్వని 32 బిట్ ఫ్లోట్ రికార్డర్ దొరికితే అదే తీసుకెళ్లండి, ఎందుకంటే అక్కడ నిశ్శబ్దానికీ వంద పాన్లు ఒక్కసారిగా లేవడానికీ మధ్య మీ వేలు నాబ్ మీదికి చేరేంత సమయం ఉండదు. చెవులకు రక్షణ పెట్టుకోండి, మీకు ఇంకా సినిమాలు తీసే వయసు ఉంది.

ఇంకో చిక్కు ఎడిటింగ్‌లో బయటపడుతుంది. సీజన్ మొదట్లో నెమ్మదిగా నేర్చుకున్న పాట ఫైనల్ నాటికి బాగా వేగం అందుకుంటుంది. వేర్వేరు రాత్రుల్లో తీసిన షాట్లు ఒకే పాట కింద అతకవు, కర్ర పడేచోట దెబ్బ వినబడదు. అందుకని ఒక రాత్రి పూర్తి ప్రదర్శనను ఆపకుండా ఒకే ధ్వనిగా రికార్డు చేసి దాన్ని వెన్నెముకగా పెట్టుకోండి. మిగతా రాత్రుల్లో ముఖాలు, పాదాలు, చెమట, చక్రాల బండ్లు తోస్తున్న చేతులు తీయండి. పనోరమా రోజున వేదిక మీద కన్నా పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లోని సవానా మైదానంలో వేదికకు వెళ్లే దారిలోనే మంచి రికార్డింగు దొరుకుతుంది. వంతు కోసం ఎదురుచూస్తూ బృందాలు అక్కడే ఆఖరి సారి వాయించుకుంటాయి, లౌడ్ స్పీకర్లు, వ్యాఖ్యాతలు ఉండరు. సంవత్సరంలో నేను విన్న అత్యుత్తమ సంగీతం నాకు చాలాసార్లు ఆ దారిలోనే దొరికింది.

ఇంటర్వ్యూల్లో మీకు తప్పకుండా ఎదురయ్యేది "మొదట ఎవరు?" అనే తగాదా. విన్‌స్టన్ సైమన్ అందరికీ స్ప్రీ అనే పేరుతో తెలుసు, డబ్బా మీద మొదటిసారి పాట పలికించినది ఆయనే అంటారు ఆయన పేటవాళ్లు. రేకును లోపలికి గుంతగా చేసి పెద్ద పీపాను వాద్యంగా మార్చింది ఎలీ మానెట్ అంటారు ఇంకొకరు. స్వరాలను ఒక్కోదాని పక్కన దానికి నాలుగో, అయిదో స్వరం వచ్చేలా చక్రంగా అమర్చిన ఆంథోనీ విలియమ్స్ లేకపోతే మిగతాదంతా మోతే అంటారు మరొకరు. మీరు జడ్జి కుర్చీలో కూర్చోకండి. తగాదానే తీయండి. ఏ పేట ఎవరి పేరు చెబుతుందో చూస్తే ఊరి మ్యాపు దానంతటదే గీసుకుంటుంది. బృందాల పేర్లు అడగడం కూడా మరిచిపోవద్దు. కాసాబ్లాంకా, డెస్పరాడోస్, రెనెగేడ్స్, ఇన్వేడర్స్. వాటిలో చాలా పేర్లు అప్పటి హాలీవుడ్ సినిమాల నుంచి వచ్చినవే. 1940లు, 50ల్లో ఆ పేర్లకు తగ్గట్టే వీధుల్లో కత్తులు, సీసాలతో కొట్టుకున్నారు. 1951లో అన్ని పేటల నుంచి వాద్యకారులను ఏరి, టాస్పో అనే ఒకే బృందంగా కట్టి లండన్‌లో జరిగిన ఫెస్టివల్ ఆఫ్ బ్రిటన్‌కు పంపారు. వాళ్లకు శిక్షణ ఇచ్చిన జోసెఫ్ గ్రిఫిత్ పోలీసు బ్యాండు మనిషి. స్క్రిప్టు రచయిత ఇలా రాస్తే నమ్మం, చరిత్ర రాస్తే నమ్మక తప్పదు.

పాత దృశ్యాల విషయంలో జాగ్రత్త. పంతొమ్మిదో శతాబ్దపు కార్నివాల్ గురించి మీకు దొరికే కాగితాల్లో ఎక్కువ భాగం పోలీసులు, గవర్నర్లు, పత్రికల సంపాదకులు రాసినవే. లండన్ శివార్లలోని క్యూ నేషనల్ ఆర్కైవ్స్‌లో సీఓ 295 అనే వరుస ట్రినిడాడ్ గవర్నర్ల ఉత్తరప్రత్యుత్తరాలది. పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లోని జాతీయ ఆర్కైవ్స్, సెయింట్ అగస్టీన్‌లోని యూనివర్సిటీ లైబ్రరీలో వెస్టిండియానా విభాగం కూడా చూడండి. ఆ కాగితాల్లో "అల్లరి మూక" అని రాసి ఉన్న చోటల్లా ఒక బృందం ఉంటుంది. ఆ వాక్యాన్ని తెర మీద యథాతథంగా చూపించి, పక్కనే ఆ పేట మనుమల చేత చదివించండి. కదిలే బొమ్మలు కావాలంటే బ్రిటిష్ న్యూస్ రీళ్లు కొన్ని ఉన్నాయి, కానీ వాటి వెనకున్న గొంతు నవ్వులాటగా మాట్లాడుతుంది. ఆ గొంతును తీసేయాలా ఉంచాలా అన్నది మీ ఇష్టం. నేనైతే ఒకసారి ఉంచుతాను, అప్పుడే ఎవరి కంటితో చూస్తున్నామో తెలుస్తుంది. శబ్దాల్లో మాత్రం మీ అదృష్టం. అమెరికా జానపద సంగీత సేకర్త అలన్ లోమాక్స్ 1962లో, స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే, కరీబియన్ దీవుల్లో చేసిన రికార్డింగులు ఇంటర్నెట్‌లో వినడానికి దొరుకుతాయి.

ఇప్పుడు మన తెలుగువారి ప్రశ్న. 1845 మే 30న ఫతేల్ రజాక్ ఓడ కలకత్తా నుంచి రెండు వందల పైచిలుకు ఒప్పంద కూలీలతో ట్రినిడాడ్ చేరింది. 1917లో ఆ పద్ధతి ఆగేలోగా దాదాపు 1,44,000 మంది వచ్చారు. ఎక్కువమంది భోజ్‌పురీ ప్రాంతాల వాళ్లు. మద్రాసు నుంచి బయల్దేరిన ఓడల్లో తమిళులతో పాటు తెలుగువారూ ఉన్నారు గానీ మొత్తంలో వాళ్లు తక్కువ. మూడు వారాల్లో మూడు ఇంటిపేర్లు పట్టుకుని "మన వేర్లు" అని పతాక సన్నివేశం చేయాలనే ఆశ సహజం. చేయకండి. తెలుగువారి వలస గురించే సినిమా తీయాలంటే మారిషస్ వెళ్లండి, అక్కడ చెప్పుకోదగ్గ కథ, చెప్పేవాళ్లు కూడా ఉన్నారు.

ట్రినిడాడ్‌లో మీ తెలుగు కన్ను పనికొచ్చేది మరోచోట. అక్కడి హొసే అంటే మన పీర్ల పండుగ నాటి మొహర్రమే. సమాధి నమూనాలైన తాజియాలు కడతారు, తాసా డప్పులు మోగిస్తారు, ముస్లింలతో పాటు హిందువులు, ఆఫ్రికా సంతతివారు కూడా వెంట నడిచారు. తాసాను మన డప్పులాగే మంటకు కాచి బిగిస్తారు. డప్పుల చట్టం వచ్చిన 1884లోనే, అక్టోబర్ 30న, శాన్ ఫెర్నాండో పట్టణంలోకి ఊరేగింపు రాకూడదన్న ఉత్తర్వును ధిక్కరించి వచ్చినవారిపై పోలీసులు కాల్పులు జరిపారు. పదిమందికి పైగా చనిపోయారు, వందమందికి పైగా గాయపడ్డారు. ఒకే ఏడాది, రెండు జాతుల డప్పులు, ఒకే ప్రభుత్వం. చాలా డాక్యుమెంటరీలు మొదటిది చెప్పి రెండోది వదిలేస్తాయి. పీర్ల చావిడి చూస్తూ పెరిగినవాళ్లు వదిలేయడానికి వీల్లేదు. అయితే మొహర్రం చాంద్రమాన పండుగ, ఏటా ముందుకు జరుగుతూ ఉంటుంది, మీ కార్నివాల్ వారాల్లో అది కనబడదు. పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లోని సెయింట్ జేమ్స్ పేటలో తాజియాలు కట్టే నాటికి ఇంకోసారి వెళ్లాలి. బడ్జెట్ రెండుగా చీల్చండి, కార్నివాల్‌కు రెండు వారాలు, హొసేకు ఒకటి.

దాని వల్ల ఇంకో మేలు ఉంది. "పాన్ ఆఫ్రికన్లది, తాసా భారతీయులది" అని ద్వీపాన్ని రెండు డబ్బాల్లో పెట్టే అలవాటు తప్పుతుంది. 2011 జనాభా లెక్కల్లో భారత సంతతి 35 శాతం, ఆఫ్రికా సంతతి 34 శాతం. ఇద్దరినీ విడివిడిగా చూపడం రాజకీయ నాయకులకు లాభం, మీకేం లాభం? రెనెగేడ్స్ బృందానికి తొమ్మిదిసార్లు పనోరమా గెలిపించిన అరేంజర్ జిత్ సమారూ భారత సంతతి మనిషి. 1995, 96, 97 వరుసగా మూడేళ్లు ఆయన కూర్పే గెలిచింది. ఆయన గురించి పది నిమిషాలు పెడితే మీ వ్యాఖ్యానంలో సగం పేరాలు కొట్టేయవచ్చు.

హక్కులు, డబ్బు: త్వరగా చెప్పేస్తాను గానీ తేలిగ్గా తీసుకోకండి. కార్నివాల్ వేదికల దగ్గర షూటింగుకు ముందుగా అనుమతి పత్రాలు తీసుకోవాలి. అక్కడి 1997 కాపీరైట్ చట్టం కార్నివాల్ వేషధారణను కూడా విడిగా ఒక సృజన రూపంగా గుర్తించింది, అంటే వీధిలో పోతున్న వేషానికీ హక్కుదారు ఉంటాడు. పాటకు, కూర్పుకు, వాయించిన బృందానికి విడివిడిగా మాట్లాడుకోండి, కాగితం మీద పెట్టుకోండి. వాళ్లు డబ్బు సంగతి ముందే అడిగితే నొచ్చుకోవద్దు. ట్రినిడాడ్ గాయకుడు లార్డ్ ఇన్వేడర్ రాసిన కాలిప్సో పాటను అమెరికా హాస్యనటుడు ఒకడు తన పేరున నమోదు చేసుకున్నాడు, 1945లో అది అక్కడ పెద్ద హిట్టయింది, అసలు రచయిత కోర్టుకెక్కి గెలవవలసి వచ్చింది. కెమెరా పట్టుకొచ్చిన కొత్తవాళ్లను అక్కడివాళ్లు నవ్వుతూనే ఆహ్వానిస్తారు, ఆ సంగతి మాత్రం మరిచిపోరు. సినిమా పూర్తయ్యాక మొదటి ప్రదర్శన ఆ పాన్ యార్డ్ గోడ మీదే వేస్తానని మాటివ్వండి, మాట నిలబెట్టుకోండి. ఫెస్టివల్ జ్యూరీ కన్నా కఠినమైన ప్రేక్షకులు వాళ్లు, తప్పు శ్రుతి దగ్గర గట్టిగా నవ్వుతారు.

డ్రోన్ ఇంట్లో వదిలేయండి. పైనుంచి చూస్తే కార్నివాల్ రంగుల చారలా కనిపిస్తుంది, ఆ షాటు ఇప్పటికే అందరి దగ్గరా ఉంది. ఆ రెక్కల రొద మీ మైకుల్లో పాన్ ఎగువ స్వరాల మీదే వచ్చి కూర్చుంటుంది, ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని శుభ్రంగా తీయలేదు. ఆ బరువుకు ఇంకో రెండు మైకులు, గాలికి అడ్డుపెట్టే బొచ్చు తొడుగులు పట్టుకెళ్లండి.